తొంభై ఎనిమిది శాతం దగ్గర

ఆత్మకూరు బస్టాండు ఇవాళ్టికీ నిలబడి ఉందంటే ఎవరి పుణ్యమో తెలిసినవాళ్ళం ఈ జిల్లాలో నలుగురం. అందులో నేనొకణ్ణి. విన్నది కాదు. ఉదయగిరి కొండ కింద, ఆ నిమ్మతోటలో, నీళ్ళతొట్టి వెనకాల గొంతుక్కూర్చుని రెండు కళ్ళతో చూశాను. ఐదో తరగతి చదివినవాడికి గూఢచారుల సంగతి ఏం తెలుసని అడగొద్దు. వాళ్ళలో చాలామందికి నా చదువు కూడా లేదు.

మంగళవారం ఉదయం తొమ్మిదీ పది. నిమ్మతోట మధ్య రేకుల షెడ్డు. లోపల పది చక్రాల ఎర్ర లారీ. దాని ముందు మోకాళ్ళ మీద ఆత్మకూరు మెకానిక్కు వరప్రసాదం. చేతులు జోడించి ఏదో చెబుతున్నాడు.

ఒకే ఒక తూటా.

చెప్పే మాట సగంలోనే ఆగిపోయింది. శవం మీద టార్పాలిన్ కప్పారు. కాళ్ళ దాకా చాలలేదు. ఇంకోటి తెచ్చి కప్పాలని ఎవరికీ అనిపించలేదు.

*

అదే రోజు మధ్యాహ్నం, వింజమూరు. బస్సులు ఆగే చోట ఒక జిరాక్స్ షాపు.

"ఏం కావాల?" అన్నాడు కౌంటర్ వెనక కూర్చున్న బట్టతలాయన.

"లామినేషన్. చచ్చినోడి ఆధార్."

"చచ్చినోడికి ఆధార్ ఎందుకురా?"

"పైన అడగతుండారంట."

కోడ్ కలిసింది. షట్టరు సగానికి దిగింది. బట్టతలాయన పేరు పెంచలప్రసాద్. పైకి జిరాక్స్, లోపల ఇంటెలిజెన్స్. ఎదుట నిలబడినవాడు యేసుబాబు. ఏజెంట్ నంబర్ పదిహేడు. మిలిటరీ వర్క్‌షాపులో పదేళ్ళు బళ్ళు విప్పి బిగించాడు. తర్వాత మనుషుల్ని విప్పే డిపార్ట్‌మెంట్‌కు మారాడు.

"టార్గెట్ ఎర్ర లారీ," అన్నాడు పెంచలప్రసాద్. "లోడు గ్యాస్ సిలిండర్లు, అన్నీ నిండువే. రేపు పదకొండింటికి ఆత్మకూరు బస్టాండులోకి దూరతాది. డ్రైవర్ లేకుండా."

"లేకుండా ఎట్ట పోతాది సార్?"

"ఇంజిన్‌కు ఒక మెదడు ఉండాది గదా, ఈసీఎమ్ అనే డబ్బా. దాంట్లో వాళ్ళ ప్రోగ్రామ్ ఎక్కిస్తే బ్రేకు, స్టీరింగు, యాక్సిలరేటరు అన్నీ బ్రూనో అనే తెల్లోడి చేతిలోకి పోతాయి. ఏడు దేశాల్లో కొనేవాళ్ళు స్క్రీన్ల ముందర కూర్చోనుండారు. మన బస్టాండు వాళ్ళకు శాంపిల్."

యేసుబాబు బస్టాండును తలుచుకున్నాడు. బుధవారం పదకొండింటికి అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు.

"ఈ పొద్దున ప్రోగ్రామ్ ఎక్కించబోతే మధ్యలో ఆగిపోయినాది. ఈసీఎమ్ చచ్చింది. ఎక్కించిన వరప్రసాదాన్ని చంపేసినారు. ఇప్పుడు ఇంకో మెకానిక్కు కావాల వాళ్ళకు. నువ్వే."

"నేను బాగు చేయకపోతే?"

"నిన్ను కాల్చి మూడోవాణ్ణి తెస్తారు. అది కాదు సమస్య. డ్రైవర్ సీట్లో ఒక మనిషి ఉండాది. సుకుమారి, వరప్రసాదం పెండ్లాం. చెక్‌పోస్టులో చూసేవాళ్ళకు స్టీరింగు ముందర ఎవరో ఒకరు కనపడాల గదా. ఆమె చేతులు స్టీరింగుకు టేపేసి కట్టినారు. లారీ కదిలిందంటే ఆమె పోయినట్టే."

"పోలీసుల్ని పంపొచ్చు గదా సార్."

"బ్రూనో ఎడమ జేబులో రిమోట్ ఉండాది. టోపీ కనపడితే నొక్కతాడు. షెడ్డు, ఆమె, అంతా పైకి పోతాది. లారీ కదలకూడదు, ఆమె బతకాల. ఆ రెండూ నీ పని."

పెంచలప్రసాద్ సొరుగులోంచి ఒక చెక్క ఫోర్కు తీశాడు. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కే ఒకామె చేత చేయించింది. నాలుగు పళ్ళ కొసల్లో నాలుగు గుండుసూదులు, వాటి నుంచి పిడిలోకి సన్నటి తీగలు. చచ్చిన ఈసీఎమ్ ప్రాణం ఇంకా కొట్టుకునేది దాని బోర్డు మీద సరిగ్గా ఆ సూదులు తాకే నాలుగు చుక్కల దగ్గరే.

"ఇంకోటి. షైనీ అని ఒకామె ఉంటాది అక్కడ. ఒకప్పుడు మన మనిషి. రెండేళ్ళ కిందట వాళ్ళలో కలిసిపోయినాది. అందంగా ఉంటాది. నమ్మొద్దు."

"అందంగా ఉంటే నన్నెవరు చూస్తారులే సార్," అంటూ యేసుబాబు షట్టరు కింద నుంచి దూరి వెళ్ళిపోయాడు.

*

బుధవారం తెల్లవారి ఆరున్నరకు ఉదయగిరిలో నల్లకారు ఆగింది. మురికి ఖాకీ చొక్కా, బుగ్గన అంటించుకున్న పులిపిరి, చెవిలో బీడీముక్క. యేసుబాబు వెనక సీట్లో ఎక్కాడు. పక్కన షైనీ. కూలింగ్ గ్లాసులు, ఎర్ర లిప్‌స్టిక్, చెవులకు పొడుగు జూకాలు, కారంతా సెంటు.

"పేరు?"

"వెంకటేష్ మేడమ్. కలిగిరి."

ఆమె అతని అరచేయి తిప్పి చూసింది. గీతల్లో గ్రీజు ఉంది. తృప్తిపడలేదు. వెలుగుతున్న సిగరెట్టును ఆ చేతి మధ్యలో ఆనించి నెమ్మదిగా నొక్కింది. యేసుబాబు పళ్ళు బిగించాడు.

"అరవలేదే?"

"సైలెన్సరు పట్టుకున్నా ఇంతే కాలతాది మేడమ్. రోజూ ఉండేదే."

షైనీ నవ్వింది. సిగరెట్టును మళ్ళీ పెదాల మధ్య పెట్టుకుంది. "నిన్నటివాడు బాగా అరిచాడు," అంది.

షెడ్డులో బ్రూనో కోసిన నిమ్మచెక్కకు ఉప్పద్దుకుని చప్పరిస్తున్నాడు. పొడుగు మనిషి, పాలిపోయిన కళ్ళు. కుడిచేతికి పిస్తోలు ఆరో వేలులా అంటుకుని ఉంది. ఎడమచేయి జేబులోంచి బయటికి రాదు. బయట గేటు దగ్గర ఇద్దరు కిరాయి మనుషులు. లోపల మూల టార్పాలిన్ కింద నుంచి రెండు కాళ్ళు. ఒక కాలికే చెప్పు.

లారీ సీట్లో కూర్చున్న సుకుమారి నిన్న పొద్దుటి నుంచి చూస్తున్నది ఆ కాళ్ళనే. కనపడేలా శవాన్ని ఆ మూలకు లాగించి పెట్టించినవాడు బ్రూనో.

అతను ఇంగ్లీషులో చెప్పాడు. షైనీ తెలుగు చేసింది.

"ఇక్కడ రూల్ ఒక్కటే. పని ఎవరి చేతిలో చెడితే వాళ్ళ తల పోతుంది. నువ్వు ఈసీఎమ్‌ను బతికించు, చాలు. ఈసారి మా ప్రోగ్రామ్ మెకానిక్కు చేతికి ఇవ్వం. దానికి పాస్‌వర్డ్ ఉంది. అది ఎక్కించేది ఈయన కాదు, నేను. తొమ్మిదిన్నరకు లారీ బయల్దేరాలి."

యేసుబాబు లారీలోకి ఎక్కాడు. ఈసీఎమ్ క్లీనరు సీటు ముందు మూత కింద ఉంది. మూత విప్పుతుంటే పక్కసీట్లోంచి గొంతు వినపడింది. నీళ్ళు తాగని గొంతు.

"బాగు చేస్తే నేను పోతాను. చేయకపోతే నువ్వు పోతావు. చేసుకో నాయనా. నీకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి గదా."

"చెల్లీ, నిన్న ఎట్ట చెడినాది ఇది?" యేసుబాబు తల ఎత్తకుండా అడిగాడు.

"చెల్లెలంట. సచ్చేదాన్ని వరస కలిపి చంపతారా మీరు?"

"చెప్పు. టైము లేదు."

ఆమె ఒక క్షణం అతని బుగ్గ వైపు చూసింది. చెమటకు పులిపిరి ఒక పక్క లేచిపోయి ఉంది. గొంతు తగ్గించింది.

"తొమ్మిదికి త్రీఫేజు వచ్చినాది. ఈ చుట్టూ పదహారు బోర్లుండాయి, అన్నిటికీ ఆటోస్టార్టర్లే. అన్నీ ఒక్కసారి లేచినాయి. లైటు ఎర్రగా అయిపోయినాది, ఛార్జరు ఆగిపోయినాది, వాళ్ళు ఎక్కించమన్నది మధ్యలో తెగిపోయినాది. మా ఆయన అదే చెప్పినాడు, నా తప్పు లేదు సామీ, మోటార్లు లేచినాయి అని. ఆ దొరసాని ఇంగ్లీషులో చెప్పింది. దొర నవ్వినాడు. నవ్వి, పిస్తోలు ఆమె చేతికిచ్చినాడు."

"ఆమే కాల్చిందా?"

"కూలింగ్ గ్లాసులు కూడా తీయలేదు."

ఇక్కడ మావాళ్ళ గొప్పతనం ఒకటి చెప్పాలి. పొలాలకు త్రీఫేజు కరెంటు రోజులో కొన్ని గంటలే, మిగతా వేళల్లో బల్బులకు సరిపడే సింగిల్ ఫేజే. వచ్చినప్పుడు లేచి వెళ్ళి స్విచ్ వేయడానికి బద్ధకం. అందుకని ప్రతి రైతూ మోటారుకు ఆటోస్టార్టరు పెట్టి ఇంట్లో పడుకుంటాడు. కరెంటు రాగానే మోటార్లన్నీ వాటంతట అవే, ఒకే క్షణంలో, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ లేస్తాయి. వోల్టేజి పాతాళానికి పోతుంది. మోటార్లు కాలతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పేలతాయి. అవి తీసేయండయ్యా అని కరెంటు ఆఫీసువాళ్ళు అరుస్తూనే ఉంటారు. పక్కవాడు తీస్తే నేనూ తీస్తానని అందరూ అంటారు. ఎవరూ తీయరు.

యేసుబాబుకు పథకం దొరికింది. అందులోనే పెద్ద చిల్లు కూడా కనిపించింది. తొమ్మిదికి ఏం జరుగుతుందో షైనీకి తెలుసు. వరప్రసాదం మాటను తెలుగులో విని ఇంగ్లీషులో చెప్పింది ఆమే.

రెండో పథకం లేదు.

*

ముందు ఈసీఎమ్‌ను బతికించాలి. లేకపోతే తొమ్మిది దాకా తలనొప్పి పడే పని కూడా ఉండదు, ముందే తల పోతుంది. యేసుబాబు షెడ్డు కరెంటును ముట్టుకోలేదు. మూలనున్న రెండు కొత్త బ్యాటరీలు తెచ్చి కలిపాడు. ఈసీఎమ్ మూత విప్పాడు. మామూలు దారిలో పిలిస్తే అది పలకలేదు. సగం తుడిచి సగం రాసిన బుర్ర, తానెవరో తనకే తెలియదు. అలాంటిదాన్ని బూట్ మోడ్‌లో లేపాలి. బోర్డు మీద నాలుగు చుక్కల్ని ఒకేసారి తాకుతూ కరెంటు ఇస్తే, పాత జ్ఞాపకాలేవీ అడగకుండా, చెప్పింది వినడానికి సిద్ధంగా లేస్తుంది. చుక్క ఒక్కొక్కటి ఆవగింజంత. చేయి వణికితే బోర్డు కాలిపోతుంది.

చెక్క ఫోర్కు దించాడు. కాలిన అరచేతిలో పిడి మంటపెట్టింది. షైనీ సరిగ్గా ఆ చేతినే చూస్తోంది.

ఫోర్కు తీగలు తగిలించిన వరప్రసాదం లాప్‌టాప్‌లో చిన్న పచ్చగీత. పలికింది.

వరప్రసాదం మంచి పనివాడు. కొత్తది ఎక్కించే ముందు పాతదాన్ని మొత్తం కాపీ తీసి దాచాడు. చచ్చినవాడు దాచిన ఫైలునే యేసుబాబు నెమ్మదిగా తిరిగి రాశాడు. లెక్క సరిపోయిందా లేదా అని యంత్రం తనను తానే సరిచూసుకుంది. సరిపోయింది. ఫోర్కు తీశాడు, మూత బిగించాడు, కీ తిప్పాడు. లారీ ఒక్క దగ్గుతో లేచింది.

సుకుమారి కళ్ళు మూసుకుంది. ఆ ఇంజిన్ చప్పుడు ఆమెకు పాడె కట్టే చప్పుడు.

నీళ్ళతొట్టి వెనక నుంచి ఆవగింజంత చుక్కలు ఎట్లా కనపడినాయి తాతా అని నిన్న ఎవరో అడిగారు. కనపడలేదు. కనపడడానికి నేనక్కడ ఉంటే కదా. ఆ పొద్దున నేను కలిగిరిలో నోరు తెరుచుకుని పన్ను పీకించుకుంటున్నాను. తొట్టి మాత్రం ఉంది. దాని వెనక ఒక కుక్క ఉండిందట. నేను చూశానన్నదంతా అది చూసింది. చెప్పలేదు, అంతే తేడా.

*

ఎనిమిదీ నలభై.

"ఆఫ్ చేసి పది నిమిషాలు ఆగాల మేడమ్," అన్నాడు యేసుబాబు. "రాసుకున్నది లోపల కుదురుకోవాల."

అది నిజమే. అబద్ధం తర్వాత వచ్చింది. "ఈ కొత్త బ్యాటరీలు దిగిపోయినాయి. లారీ బ్యాటరీలే పెట్టి ఛార్జరు ఇస్తాను. ఎక్కించేటప్పుడు వోల్టేజి పడకూడదు గదా."

లారీ బ్యాటరీలు ముసలివి. ఛార్జరు ఊతం ఉన్నంతసేపే నిలబడతాయి. అతను ఛార్జరు వైరు లాగి గోడనున్న ప్లగ్గులో దోపాడు.

షైనీ లాప్‌టాప్ ముందుకు వచ్చింది. కూలింగ్ గ్లాసులు తీసింది. మొదటిసారి ఆమె కళ్ళు కనిపించాయి. నిద్రలేని కళ్ళు. ఆ కళ్ళు బ్యాటరీల మీద ఆగాయి. అక్కడి నుంచి వైరు వెంబడి మెల్లగా నడిచి గోడలో ప్లగ్గు దాకా వెళ్ళాయి. తర్వాత చేతి గడియారం చూసుకుంది. ఎనిమిదీ యాభై రెండు.

యేసుబాబు స్పానరును గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు.

"ఛార్జర్ గట్టిగా బిగించావా?"

"బిగించినాను మేడమ్."

"ఊడిపోదు కదా?"

"ఊడదు."

"సరే," అంది షైనీ. పాస్‌వర్డ్ కొట్టింది. స్టార్ట్ నొక్కింది.

పది శాతం. ఇరవై. బ్రూనో నిమ్మచెక్క పారేసి దగ్గరికి వచ్చాడు. గోడ మీద పెట్టిన టీవీలో ఏడు చిన్న గళ్ళు, ఏడింట్లో ఏడు మొహాలు. ఒకాయన కాఫీ తాగుతున్నాడు.

యాభై. అరవై. తొమ్మిదైంది.

త్రీఫేజు రాలేదు.

కరెంటువాళ్ళు టైముకు ఇస్తారని నమ్మి పథకం వేసిన గూఢచారి ప్రపంచంలో యేసుబాబు ఒక్కడే అయ్యుంటాడు. డెబ్బై. తొమ్మిదీ రెండు. ఎనభై. "అన్నా," అంది సుకుమారి, టేపు కింద వేళ్ళు ముడుచుకుంటూ. తొంభై. యేసుబాబు కాలి దగ్గర జాకీ రాడ్డు ఉంది. బ్రూనో ఎడమచేయి జేబులోనే ఉంది. రాడ్డుకన్నా ఆ బొటనవేలిదే వేగం. తొంభై ఐదు. తొంభై ఏడు.

తొంభై ఎనిమిది.

ఎక్కడో దూరంగా ఒక మోటారు గురగురమంది. మరుక్షణం తోట చుట్టూ పదహారు బోర్లు ఒక్కపెట్టున లేచాయి. షెడ్డు గోడకానుకున్న మోటారు రేకులు అదిరేలా అరిచింది. బల్బు ఎర్రబడింది. ఛార్జరు ముల్లు సున్నాకు వాలింది. ముసలి బ్యాటరీలు కూలబడ్డాయి. లాప్‌టాప్‌లో గీత ఆగిపోయి ఎర్రగా మారింది.

కమ్యూనికేషన్ లాస్ట్.

ఏడు గళ్ళలో ఒకటి ఆరిపోయింది. తర్వాత ఇంకొకటి. కాఫీ తాగుతున్నాయన కప్పు కింద పెట్టి అతనూ పోయాడు.

బ్రూనో అరవలేదు. రూల్ ప్రకారం నడుచుకునే మనిషి. ఎవరి వేలు నొక్కిందో చూశాడు. పిస్తోలు ఆ వైపు తిప్పాడు. షైనీ పరిగెత్తలేదు. మోటార్ల మోతలో గేటు దగ్గరివాళ్ళకు ఏ చప్పుడూ వినపడలేదు. ఆమె లారీ టైరు పక్కన కూలిపోయింది.

పిస్తోలు అటు తిరిగిన ఆ ఒక్క క్షణం చాలింది. రాడ్డు బ్రూనో ఎడమ మణికట్టు మీద పడింది. జేబు చిరిగింది. బొటనవేలు రిమోట్ మీద ఉండగానే, నొక్కే బలం దానికి చేరకముందే, ఎముక రెండుగా విరిగింది. రెండో దెబ్బకు పిస్తోలు పోయింది. మూడో దెబ్బ మోకాలికి. నాలుగో దెబ్బ రెండో మోకాలికి. అది డ్యూటీలో భాగం కాదు. రిపోర్టులో రాయలేదు.

యేసుబాబు రిమోట్ బ్యాటరీ పీకాడు. బ్లేడుతో సుకుమారి చేతుల టేపు కోశాడు. తోలు కూడా కొంచెం ఊడివచ్చింది. ఆమె దిగి, నిలబడలేక పాకుతూ మూలకు వెళ్ళింది. లారీ కింద పడి ఉన్న రెండో చెప్పును దారిలో తీసుకుంది. టార్పాలిన్ కింద ఉన్న కాలికి తొడిగింది. పట్టీ సరిచేసింది.

ఫోన్ రెండు రింగులకే ఎత్తారు.

"లారీ కదల్లేదు సార్. ఆమె బతికే ఉండాది," అన్నాడు యేసుబాబు. "షైనీకి తెలుసు సార్. మోటార్లు లేస్తాయని తెలుసు. చూసి చూసి నొక్కినాది. ఎందుకు?"

అవతల జిరాక్స్ మిషను ఆడుతున్న చప్పుడు. ఆ చప్పుడులోనే పెంచలప్రసాద్ అన్నాడు: "మన మనిషే."

"నమ్మొద్దన్నారు గదా నాతో."

"నీకు చెప్పుంటే నీ మొహంలో తెలిసిపోయేది. ఆ మొహం చూస్తే బ్రూనో మీ ఇద్దర్నీ చంపేసుండేవాడు. నన్నేం చేయమంటావు?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. సుకుమారి వింది. భర్త కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది తల తిప్పింది.

"మీ మనిషా ఆమె?"

యేసుబాబు స్పీకరు ఆపేశాడు.

"అయితే మా ఆయన్ని చంపినోళ్ళు మీరే," అంది సుకుమారి. "నిన్ను చూసి అన్నా అని పిలిచినాను. ఆ మాట ఇచ్చేయ్ నాకు."

బయట మోటార్లు నిమ్మచెట్లకు నీళ్ళు పెడుతూనే ఉన్నాయి. త్రీఫేజు వచ్చిందిగా మరి.

*

షైనీ సంగతి చెప్పలేదు కదూ. బ్రూనో తూటా ఆమె చెవి తమ్మెనూ, దానికున్న జూకానూ ఎగరేసుకుపోయింది. అంతే. నెల్లూరులో ఆరు కుట్లు వేశారు. ఇప్పుడు పేరు మార్చుకుని జలదంకిలో బ్యూటీపార్లర్ నడుపుతోంది. జడ ఎప్పుడూ ఎడమవైపే వేసుకుంటుంది. వరప్రసాదం సమాధికి ప్రతి ఏడాదీ ఎవరో పూలు పంపుతారని, సుకుమారి వాటిని తీసి మేకకు వేస్తుందని చెబుతారు.

ఈ కథలో ఏదో ఒక కోత కోశావులే తాతా అని మీరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. ఫోర్కు అనుకుంటున్నారు. కాదు, ఫోర్కు నిజం. పదహారు బోర్లు నిజం, కావాలంటే లెక్కపెట్టుకోండి. మేక కూడా నిజమే. నేను కల్పించింది ఒక్కటే. చెవి.

అంత దగ్గర నుంచి కాల్చేవాడికి గురి తప్పదు.